ఏర్పాటు అంటే మిగతావాళ్ళ మీద దేవుడికి ప్రేమ లేదనా?

అక్కా, మీ తమ్ముడు చర్చికి రావట్లేదు కాబట్టి దేవుడు అతన్ని ఏర్పరచుకోలేదేమో, అలాంటప్పుడు ప్రార్థన చేసి లాభమేంటి అని అడిగారు కదా. ఏర్పాటు అంటే ఎవరు రక్షణ పొందాలో దేవుడు ముందే ఎన్నుకోవడం. నేను పాస్టర్‌ని కాదు, బొబ్బిలి దగ్గర బాప్టిస్టు కుటుంబంలో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు తెలిసింది చెప్తాను.

మా మావయ్య జూట్ మిల్లులో పనిచేసేవాడు. ఇంట్లో ప్రార్థన కూడిక అంటే టార్పాలిన్ కట్టడం, కుర్చీలు మోయడం, అందరికీ టీ అందించడం అన్నీ ఆయనే, పాట మొదలవగానే మాత్రం గేటు బయటికెళ్ళి బీడీ ముట్టించేవాడు. ఒకసారి వాక్యం చెప్పడానికి వచ్చినాయన అది చూసి మా అత్తతో, "ఏర్పాటులో ఉంటే వస్తాడమ్మా, లేకపోతే నువ్వెంత ఏడ్చినా రాడు" అనేసి చెక్కలు తింటూ కూర్చున్నాడు. అత్త ఆ రాత్రి అన్నం ముట్టలేదు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఎందుకంటే బైబిల్లో పౌలు రాసిన రోమా పత్రిక 9వ అధ్యాయం అనగానే అందరూ, దేవుడు యాకోబును ప్రేమించి అతని అన్న ఏశావును ద్వేషించాడన్న మాట దగ్గరే ఆగిపోతారు. అదే అధ్యాయం మొదట్లో పౌలు తన యూదు జనం కోసం తానే క్రీస్తుకు దూరమైపోయినా ఫర్వాలేదన్నంతగా బాధపడతాడు, 10:1లో వాళ్ళు రక్షణ పొందాలని ప్రార్థిస్తున్నానంటాడు. ఏర్పాటు గురించి అంత గట్టిగా రాసిన మనిషే ప్రార్థన మానకపోతే మనమెందుకు మానాలి?

ఎవరు నమ్ముతారో ముందే తెలిసి దేవుడు ఏర్పరచుకున్నాడని డచ్ బోధకుడు అర్మీనియస్ వైపువాళ్ళు, కాదు కేవలం ఆయన చిత్తమే కారణమని ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ వైపువాళ్ళు, ఈ గొడవ పాతదే. 1618-19లో నెదర్లాండ్స్‌లో డోర్ట్ అనే ఊళ్ళో కూడిన ప్రొటెస్టెంట్ సంఘాల సభ కాల్విన్ వైపే తీర్పిచ్చింది. అంత కఠినమైనవాళ్ళు కూడా, తమలో విశ్వాసం బలంగా కనబడనివాళ్ళు దేవుడు మమ్మల్ని వదిలేశాడని బెంబేలు పడొద్దు, వాక్యం, ప్రార్థన మానొద్దు అని రాశారు. ఇది మన ప్రసంగాల్లో ఎవరూ చెప్పరు!

ఇంక ప్రేమ సంగతంటారా, ద్వితీయోపదేశకాండము 7లో ఇశ్రాయేలీయులను ఎన్నుకున్నది వాళ్ళు ఎక్కువమంది అని కాదు, ప్రేమించాను కాబట్టి అని ఉంది. అబ్రాహామును పిలిచింది కూడా అతని ద్వారా భూమి మీద వంశాలన్నీ ఆశీర్వాదం పొందాలనే. రేషన్ లిస్టులో పేరుందో లేదో చూసి చెప్పే డీలరు పని దేవుడు మనకెవ్వరికీ ఇవ్వలేదు.

మీ తమ్ముడితో మాత్రం ఈ ఏర్పాటు చర్చ పెట్టకండి. క్రిస్మస్‌కి పిలిచి కడుపునిండా భోజనం పెట్టండి, ప్రార్థన మీరు చేసుకోండి.