పాత చర్చి గోడలకు సిమెంట్ పూస్తే తప్పేంటి?

మీ ఊరి వందేళ్ల చర్చి గోడలు పెచ్చులూడుతున్నాయని, సిమెంట్ పూయించవచ్చా అని అడిగారు. దయచేసి వద్దు.

ఆ రోజుల్లో గోడలు ఎక్కువగా సున్నంతో కట్టారు. సున్నానికి సన్నని రంధ్రాలుంటాయి కాబట్టి, నేల నుంచి ఎక్కిన చెమ్మ మెల్లగా బయటికి ఆరిపోతుంది. సిమెంట్ ఆ దారి మూసేస్తుంది. చెమ్మ లోపలే చిక్కుకుని, అందులోని ఉప్పు గట్టిపడి, ఇటుకని పొడిపొడి చేస్తుంది. పైకి గోడ కొత్తగా మెరుస్తూనే ఉంటుంది, అదే నాకు బాధ. గానుగ సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలిపి పూసే మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. వెతికి పట్టుకోండి.

దానికన్నా ముందు నీళ్ల సంగతి చూడండి. చూరు కాలువలో ఆకులు ఇరుక్కుంటే వాన నీరంతా గోడ మీదికే వస్తుంది. గోడ పగుళ్లలో మొలిచిన రావి మొక్కని చిన్నగా ఉన్నప్పుడే వేరుతో సహా తీసేయాలి.

మెదక్ చర్చి చూశారా? 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం చూపే దాని రంగుటద్దాల కిటికీలు ఇంగ్లండ్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన. ఇలాంటి కిటికీల్లో గాజుముక్కల్ని సీసపు పట్టీలే పట్టి ఉంచుతాయి. అవి వదులైతే అద్దం మొత్తం ఉబ్బుతుంది. మీ చర్చిలోనూ అలాంటివుంటే యాసిడ్‌తో తుడవనివ్వకండి, ముందు ఫొటోలు తీసి నిపుణులకి చూపించండి.