టీబీ మాత్రలు వాడాకే బయోలాజిక్ ఇంజెక్షనా?

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో వాపు, పుండ్లు వచ్చే జబ్బు) ఉంది. స్టెరాయిడ్ తగ్గించినప్పుడల్లా రక్తం, జిగురుతో విరేచనాలు మళ్లీ మొదలవుతున్నాయి. తిరుపతిలో డాక్టరు గారు ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే బయోలాజిక్ (జీవకణాలతో తయారుచేసే మందు) ఇంజెక్షన్ వేద్దామన్నారు. తీరా రక్తపరీక్షలో టీబీ పాజిటివ్ వచ్చింది. దగ్గు, జ్వరం లేవు, ఎక్స్‌రే బాగుంది. అయినా కనీసం నెల రోజులు టీబీ మాత్రలు వాడాకే ఇంజెక్షన్ అంటున్నారు. ఇంకోచోట వెంటనే వేయించవచ్చా?
- ఒక సోదరి, పలమనేరు

జవాబు: వద్దమ్మా. మీ డాక్టరు చెప్పిందే సరైన పద్ధతి.

మన దేశంలో చాలామంది ఒంట్లో టీబీ క్రిములు నిద్రాణంగా ఉంటాయి. రోగనిరోధక కణాలు వాటి చుట్టూ గూడు కట్టి కదలనివ్వవు. ఆ గూడు చెదరకుండా ఉండాలంటే టీఎన్‌ఎఫ్ అనే పదార్థం కావాలి. మీ తమ్ముడి పేగులో వాపును పెంచుతున్నదీ అదే. ఇన్‌ఫ్లిక్సిమాబ్ దాన్ని అడ్డుకుంటుంది కాబట్టి పేగు పుండ్లు మానతాయి, కానీ క్రిములకు కట్టడి పోతుంది. అప్పుడు లేచే టీబీ ఊపిరితిత్తులతో ఆగకుండా ఒళ్లంతా పాకవచ్చు. దాని ముందు ఈ నెల ఆలస్యం చాలా చిన్నది.

ఇది నిద్రాణ టీబీయే అయితే ఇతరులకు అంటదు. దయచేసి ఆ అబ్బాయికి కంచం, గ్లాసు వేరు పెట్టకండి. అసలే జబ్బుతో నలిగిపోయి ఉంటాడు.

ఇంజెక్షన్ మొదలైనా టీబీ మాత్రల కోర్సు పూర్తిచేయాలి. వాటిలో రిఫాంపిసిన్ ఉంటే స్టెరాయిడ్ పనితనం తగ్గుతుంది, విరేచనాలు పెరగవచ్చు. అందుకే ఏ మాత్రలు రాశారో ఆ చీటీ పేగుల డాక్టరుకు తప్పక చూపించండి. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా లివర్ పరీక్ష చేయించాలి. మద్యం, నాటు మందులు ఈ సమయంలో అసలు వద్దు. స్టెరాయిడ్‌ను సొంతంగా ఆపకూడదు. హెపటైటిస్ బి పరీక్ష కాకపోతే ఇప్పుడే చేయించండి.

ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. మొదటి డోసు తర్వాత 2వ వారం, 6వ వారం, ఆపైన 8 వారాలకోసారి. ఖర్చు ఎక్కువే. బయోసిమిలర్ల (అదే మందుకు దాదాపు సమానంగా వేరే కంపెనీలు చేసేవి) ధర కొంత తక్కువ, అడగండి. డబ్బు సర్దుబాటు ముందే చూసుకోండి, ఎందుకంటే మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెడితే మందుకు వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టి అది పనిచేయకపోవచ్చు, రియాక్షన్ కూడా రావచ్చు.

ఈలోగా రోజుకు ఆరుసార్లకు మించి రక్తంతో విరేచనాలైనా, జ్వరం వచ్చినా, పొట్ట ఉబ్బి నొప్పి చేసినా నెల పూర్తయ్యే దాకా ఆగకండి. అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అలాంటప్పుడు ఇంజెక్షన్ ముందుగా ఇవ్వాలా, వేరే మందు వాడాలా అన్నది డాక్టర్లు అక్కడే చూసి నిర్ణయిస్తారు.