పక్కగదిలో మాటలు, నా ఏడీహెచ్‌డీ

మీరు రాసింది చదువుతుంటే నాలుగేళ్ల కిందటి నన్నే చూసుకున్నట్టుంది. ఏడీహెచ్‌డీ (ధ్యాస ఒకచోట నిలవని, కుదురుండనివ్వని సమస్య) అని తేలింది, పక్కగదిలో ఎవరు నోరు తెరిచినా పని ఆగిపోతోంది, బోలెడు పెట్టి నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ కొన్నా మాటలు వినబడుతూనే ఉన్నాయి, పోనీ అంతా సద్దుమణిగాక కూర్చుందామంటే బుర్రలో గోల ఇంకా ఎక్కువవుతోంది, ఇదేగా మీ బాధ? నేను డాక్టర్ని కాదు. లెక్కలు సరిచూసి రిపోర్టులు రాసే ఉద్యోగం, ముప్పై మూడేళ్లు వచ్చాక నాకీ సంగతి బయటపడింది. అప్పటినుంచి నా చెవుల మీద నేను చేసుకున్న ప్రయోగాలే చెబుతున్నా.

ముందు హెడ్‌ఫోన్స్ గురించి. అవి చెడిపోలేదు, మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు. బయటి శబ్దాన్ని మైకుతో విని, దానికి ఎదురు తరంగాన్ని పుట్టించి రెండింటినీ చెల్లుకు చెల్లు చేయడం వాటి పని. ఫ్యాను, ఏసీ, విమానం ఇంజన్ లాంటి ఒకే తీరున సాగే బొంగురు హోరు మీద ఇది బ్రహ్మాండంగా నడుస్తుంది. మాటలు క్షణక్షణానికి మారిపోతాయి, హల్లుల్లో సన్నటి ధ్వనులు బోలెడుంటాయి, అక్కడ దాని ఆటలు అంతగా సాగవు. దాంతో ఏమవుతుందంటే, అప్పటిదాకా మాటల్ని కొద్దోగొప్పో కప్పి ఉంచిన ఫ్యాను హోరు మాయమై, మాటలు మాత్రం కడిగిన ముత్యాల్లా చెవిలో పడతాయి! మొదటిరోజు నేను వాటిని పెట్టుకుని, పక్కగదిలో ఎవరిదో ఫోను సంభాషణ మొత్తం పొల్లుపోకుండా విని, ఇంత డబ్బు తగలేసినందుకు నన్ను నేనే తిట్టుకున్నా.

అసలు శత్రువు ఎవరో అప్పుడు తెలిసింది. వానహోరులో హాయిగా పనిచేసే నేను గుసగుసలకు చిత్తయిపోతున్నా. ఇది ఏడీహెచ్‌డీ వాళ్ల జబ్బు మాత్రమే కాదట. 1976లో కోల్, వెల్ష్ అనే ఇద్దరు చేసిన ప్రయోగంలో, గుర్తుపెట్టుకునే పని ఇచ్చి వెనకాల జర్మన్‌లో ఏదో చదివి వినిపిస్తే, ఆ భాష ముక్క రానివాళ్లకు కూడా తప్పులు పెరిగాయి. మామూలు మనుషుల గతే అది, ఇక మన సంగతి చెప్పాలా? కాబట్టి నిశ్శబ్దం కోసం వెతకడం మానేశా. మాటలు విడివిడిగా వినబడకుండా ఏం కప్పాలా అని చూడటం మొదలుపెట్టా.

నాకు కుదిరింది బ్రౌన్ నాయిస్ అనే బొంగురు హోరు. వైట్ నాయిస్‌లో అన్ని ఫ్రీక్వెన్సీల బలమూ సమానం, అందుకే చెవికి స్‌స్‌స్ అని గరుగ్గా తగులుతుంది. బ్రౌన్‌లో ఒక్కో ఆక్టేవ్ (అంటే ఫ్రీక్వెన్సీ రెట్టింపు) పైకి వెళ్లేకొద్దీ బలం 6 డెసిబెల్స్ తగ్గిపోతూ ఉంటుంది, దూరాన జలపాతంలా వినిపిస్తుంది. (పేరులో బ్రౌన్ రంగు కాదు, ద్రవంలో రేణువుల అడ్డదిడ్డపు కదలికకు, అంటే బ్రౌనియన్ చలనానికి, పేరిచ్చిన శాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్. ఈ ముక్క తెలుసుకోవడానికి పని మానేసి గంట చదివా, అదీ మన రోగం.) నిజం చెప్పాలంటే దీని గురించి ఆన్‌లైన్‌లో జరిగే ప్రచారమంతా నమ్మకండి. 2007లో స్వీడన్‌లో సోడర్‌లుండ్ బృందం వైట్ నాయిస్ పెట్టి చూస్తే ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు బాగా చేశారు, లేని పిల్లలు ఇంకా చెడగొట్టుకున్నారు. 2024లో ఇలాంటి 13 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కూడా ఇదే తీరు కనబడింది, అయితే లాభం చిన్నదే, ఆ లెక్కలో బ్రౌన్ నాయిస్ మీద ఒక్క అధ్యయనమూ లేదు. అయినా నాకు పనిచేస్తోంది, వాడుతున్నా. నేను స్పీకర్లో పెడితే మా ఆవిడకి తలనొప్పి ఎందుకొస్తుందో మాత్రం, లేని పిల్లలు చెడగొట్టుకున్న సంగతి చదివాక అర్థమైంది, హెడ్‌ఫోన్స్‌కి మారాక ఇంట్లో శాంతి!

మాటలు మరీ దగ్గరగా ఉంటే కింద ఫోమ్ ఇయర్‌ప్లగ్స్, పైన హెడ్‌ఫోన్స్. ప్లగ్స్‌ని చాలామంది చెవి గుమ్మంలో ఆనించి వదిలేసి, ఇవి పనిచేయవు అంటారు. వేళ్ల మధ్య సన్నగా నులిమి, రెండో చేతిని తల వెనకనుంచి తెచ్చి చెవిని పైకి లాగి, లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా అర నిమిషం అలా నొక్కిపట్టాలి. ఇక వాల్యూమ్: మాటలు అర్థం కాకుండా పోయిన చోట ఆపేయండి, పూర్తిగా వినబడకూడదని పెంచుకుంటూ పోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే హద్దు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైమ్ సగమవుతుంది. రోజంతా పెట్టుకునే మనలాంటివాళ్లు దానికి చాలా కిందే ఉండాలి.

పాటల విషయంలో నాది పనిని బట్టి పద్ధతి. రిపోర్టు రాసేటప్పుడు సాహిత్యం ఉన్న పాట పెట్టానంటే నా వాక్యాల్లోకి ఆ మాటలు దూరతాయి. అంకెలు టిక్ పెట్టుకుంటూ పోయే విసుగు పనికి మాత్రం పాట లేకపోతే కుర్చీలో కూర్చోలేను, అప్పుడు వందసార్లు విన్న పాటనే రిపీట్‌లో పెడతా. కొత్త పాటలు చాలా డేంజర్, ఏది వినాలో వెతకడానికే అరగంట పోతుంది, అందుకే రేపు ఏం వినాలో రాత్రే ఖాయం చేసి పెట్టుకుంటా.

గది సంగతి రెండు ముక్కలు. గోడలకు అంటించే ఫోమ్ షీట్లు పక్కగది మాటల్ని ఆపవు, మీ గదిలో ప్రతిధ్వని తగ్గిస్తాయంతే. గాలి దూరే సందుల్లోంచే శబ్దమూ దూరుతుంది, తలుపు కింద టవల్ చుట్టి పెట్టండి, ఖర్చు లేదు. ఇన్ని పెట్టుకున్నాక ఎవరైనా పిలిస్తే వినబడదు, భుజం తడితే గుండె ఆగినంత పనవుతుంది. అందుకని ఇంట్లోవాళ్లను గది లైటు ఒకసారి ఆర్పి వెలిగించమన్నా. మొదట నవ్వారు, ఇప్పుడు అలవాటైంది.

ఎవరైనా నమిలే చప్పుడుకో, ముక్కు ఎగబీల్చడానికో ఒళ్లు మండిపోయేంత కోపం వస్తుంటే, మామూలు శబ్దాలకే చెవి నొప్పి పుడుతుంటే అది వేరే లెక్క, డాక్టర్‌కి ఆ మాట విడిగా చెప్పండి.

ఆ హెడ్‌ఫోన్స్ అమ్మేయకండి. క్యాన్సిలింగ్ ఆన్ చేసి, చిన్నగా బ్రౌన్ నాయిస్ పెట్టి, ఇంట్లో ఎక్కువ మాటలుండే టైమ్‌లోనే ఒక వారం చూడండి. నిద్ర చాలని రోజుల్లో నాకు ఇవేవీ పనిచేయవు, ఆ రోజు రిపోర్టు జోలికి పోకుండా ఫైళ్లు సర్దుకుంటా.