పొట్ట మీద ఆ రెండు చేతులు

ప్రశ్న: మా తమ్ముడు గీత కార్మికుడు. తాడిచెట్టు మీంచి పడి మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు అతని పొట్ట నొక్కి కఫం తెప్పించడం మా అమ్మాయి చూసింది. ఇంటర్ బైపీసీ అయింది, ఇప్పుడు ఫిజియోథెరపీయే చదువుతానంటోంది. మసాజ్ పనికి అంత చదువెందుకు?

జవాబు: పొట్ట మీద చెయ్యి వేసుకుని ఒకసారి గట్టిగా దగ్గండి. కండరాలు ఎలా బిగుస్తాయో తెలుస్తుంది. మీ తమ్ముడికి ఆ బిగువే పోయింది. ఊపిరి తీసే కండరమైన డయాఫ్రమ్‌కు నరం మెడలోని వెన్నుపాము మూడు, నాలుగు, ఐదు స్థాయిల నుంచి వస్తుంది. దెబ్బ అంతకంటే కింద తగిలితే గాలి తీసుకోగలరు గానీ విసురుగా వదల్లేరు. కఫం లోపలే ఉండిపోతుంది. ఇలాంటివాళ్ల ప్రాణాలు తీసేవాటిలో న్యుమోనియా ముందు వరసలో ఉంటుంది.

ఆ పోయిన కండరాల పనిని ఫిజియోథెరపిస్టు చేతులు చేస్తాయి. రోగి నిండా ఊపిరి తీసుకోవాలి, చాలకపోతే చేత్తో నొక్కి గాలి పంపే అంబు బ్యాగ్‌తో నింపుతారు. అతను దగ్గబోయే క్షణానికే బొడ్డు పైన ఉన్న అరచేతులు లోపలికి, పైకి నొక్కాలి. కాస్త ఆలస్యమైనా ఆ నొక్కుడు వృథా. తిన్న వెంటనే నొక్కకూడదు, పక్కటెముకలు విరిగితే నొక్కకూడదు. దగ్గు జోరును చిన్న మీటరుతో కొలుస్తారు: నిమిషానికి 160 లీటర్లు దాటకపోతే కఫం సరిగా కదలదు. దగ్గుకు సాయపడే కాఫ్ అసిస్ట్ మెషిన్ ఎప్పుడు పెట్టాలో, కూర్చోబెట్టేముందు పొట్టకు బెల్టు ఎందుకు కట్టాలో తెలియాలి. (మెడ దెబ్బతిన్నవాళ్లకు కూర్చున్నప్పటికంటే వెల్లకిలా పడుకుంటేనే ఊపిరి బాగా అందుతుంది.) ఇదంతా నేర్చుకోవడానికే ఆ చదువు.

ముందు బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ. తర్వాత రెండేళ్ల పీజీ అయిన ఎంపీటీలో కార్డియో రెస్పిరేటరీ (గుండె, ఊపిరితిత్తులు) గానీ న్యూరో (నరాలు) గానీ తీసుకోవచ్చు. హైదరాబాద్ నిమ్స్‌లో, తిరుపతి స్విమ్స్‌లో బీపీటీ ఉంది. వెన్నుపాము కేసులే చూడాలనుకుంటే ఢిల్లీలో ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్ ఉంది. అనుబంధ ఆరోగ్య వృత్తుల మీద కేంద్రం చేసిన 2021 చట్టం వచ్చాక ఈ కోర్సుల నిబంధనలు మారుతున్నాయి, కాబట్టి అమ్మాయి చేరే ఏడాది నోటిఫికేషన్ చదివాకే ఫీజు కట్టండి.

కాలేజీకి వెళ్తే బిల్డింగ్ చూసి మురిసిపోకండి. పిల్లల్ని ఐసీయూ డ్యూటీకి ఎన్ని వారాలు పంపుతారో సీనియర్లను అడగండి. ఐసీయూ ముఖం చూడకుండా పట్టా తెచ్చుకున్నవాళ్లకు ఈ పని చేతికి రాదు. మొదట్లో జీతం తక్కువే, అది మీకు దాచను.

మీ తమ్ముడికి ఇంకా చికిత్స నడుస్తుంటే, ఆ ఫిజియోథెరపిస్టును అడిగి అమ్మాయిని రెండు రోజులు పక్కన నిలబడనివ్వండి. కఫం, దాన్ని లాగే సక్షన్ గొట్టం, రాత్రిపూట పిలుపులు అన్నీ చూశాక కూడా ఇదే చదువుతానంటే, అడ్డు చెప్పకండి.