వసాబి కిట్‌క్యాట్ తినే ముందు

చిరంజీవి స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

టోక్యో దగ్గరి నరిటా ఎయిర్‌పోర్టు షాపులో ఆకుపచ్చ కిట్‌క్యాట్ ప్యాకెట్ ఫోటో తీసి పంపి, "చాక్లెట్‌లో వసాబి (సుషీతో తినే ఆ ఘాటైన పచ్చ ముద్ద) ఏమిటి పెద్దమ్మా, తినొచ్చా?" అని అడిగావు. తప్పకుండా తిను. కాకపోతే స్నేహితులంతా ఫోన్లు పట్టుకుని నీ ముఖం వీడియో తీస్తుండగా మాత్రం వద్దు. పందేనికి తింటే రుచి మీద ధ్యాసే ఉండదు. ఒక్కదానివే ఉన్నప్పుడో, నెమ్మదిగా తినే మనిషి పక్కనున్నప్పుడో తిను.

జపాన్‌లో ఏ ఊరు వెళ్ళొచ్చినా ఆఫీసువాళ్ళకీ ఇరుగుపొరుగుకీ ఆ ఊరి తినుబండారం ఏదో ఒకటి పట్టుకెళ్ళాలి. దాన్ని ఒమియాగె అంటారు. టోక్యోలోని నిషి కసాయ్‌లో ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో కూడా అదే అలవాటైంది. 1935లో ఇంగ్లండ్‌లో పుట్టిన కిట్‌క్యాట్ 1973లో జపాన్ చేరింది. తర్వాత్తర్వాత ఈ ఒమియాగె ఆచారంలో కలిసిపోయి ఊరికో రుచి సంపాదించుకుంది. షిజుఒకకు వసాబి, ఉజికి మాచ్చా అనే పచ్చటి టీ పొడి, హొక్కయిదోకి యూబరి మెలన్, ఒకినావాకి ఊదారంగు చిలగడదుంప. ఇవి పిచ్చి ప్రయోగాలు కావమ్మా, ఆ ఊళ్ళ పంటలు. అందుకే అసలు పదార్థం ముందు రుచి చూడమంటాను. నువ్వు శాకాహారివి కాబట్టి కీరదోస పెట్టి అన్నంతో చుట్టిన సుషీ, కప్పమాకి అంటారే, దానికి వసాబి చిటికెడు రాసుకుని తిను. ఆ రుచి తెలియకుండా చాక్లెట్‌లో దాన్ని వెతికితే దొరకదు.

వసాబి మనకు పూర్తిగా కొత్తదేమీ కాదు. ఆవకాయ కలిపేటప్పుడు ఆవపిండి ఘాటు ముక్కులోకి కొట్టి కళ్ళు చెమరుస్తాయి చూడు, వసాబిలోనూ ఆ ఘాటు పదార్థమే ఉంది. మిరపకాయ మంట నాలుక మీదే చాలాసేపు ఉండిపోతుంది. ఇది ఆవిరై ముక్కుకెక్కి, కాసేపట్లో దిగిపోతుంది. తెలుగిళ్ళలో పెరిగినవాళ్ళకి దీంతో టెన్షన్ అక్కర్లేదు. పైగా చాక్లెట్‌లో వేసేది చాలా తక్కువ.

ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే తినకు. చల్లటి చాక్లెట్ వాసన ఇవ్వదు. కోకో బటర్ మన ఒంటి వేడికి కరిగే కొవ్వు, కాబట్టి కాసేపు బయట పెట్టి, చిన్న ముక్క కొరికి నాలుక మీద కరగనివ్వు. మొదట ముక్కు మూసుకో. ఒట్టి తీపే తెలుస్తుంది. వదిలేసి గాలి బయటికి పంపు, అప్పుడు వసాబి పచ్చివాసన వెనకనుంచి పైకి వస్తుంది. నాకు ఆ క్షణం ఎంతిష్టమో చెప్పలేను. ఇలాంటి రుచులకు ఎక్కువగా తెల్ల చాక్లెట్ వాడేది కూడా ఇందుకే. నల్ల చాక్లెట్ చేదు ముందు ఇంత సున్నితమైన వాసనలు నిలవవు.

మొదటి ముక్కకే "ఛీ" అనో "ఆహా" అనో తేల్చెయ్యకు. అలవాటు లేని రుచి కాబట్టి నోరు ముందు బెదురుతుంది. మంచినీళ్ళు తాగి, కాసేపాగి రెండోది తిను. అప్పటికీ నచ్చకపోతే మొహమాటపడకుండా ప్యాకెట్ ఆఫీసులో పంచెయ్. అన్నీ విడివిడిగా చుట్టి ఉంటాయి.

వసంతంలో సకురా, అంటే చెర్రీ పువ్వు, పేరుతో వచ్చే తీపి పదార్థాల్లో గులాబీ లాంటి పూల వాసన వస్తుందనుకోకు. చాలావాటిలో తగిలేది ఉప్పులో ఊరేసిన చెర్రీ ఆకు వాసన. తీపీ ఉప్పూ కలిసే ఆ రుచి నాకు అన్నిటికంటే మెరుగ్గా అనిపిస్తుంది.

కొనేముందు ప్యాకెట్ వెనక చూడు. కిట్‌క్యాటే కాదు, ఏ కొత్త మిఠాయి కొన్నా జెరాచిన్ అని రాసి ఉందేమో చదువుకో, అది జెలటిన్, జంతువుల నుంచి తీసేది, నీకు పనికిరాదు. అక్షరాలు రాకపోతే ఫోన్ కెమెరాతో అనువాదం చేసుకో. 2016లో సాకే అనే బియ్యపు మద్యం రుచితో వచ్చిన కిట్‌క్యాట్‌లో 0.8 శాతం ఆల్కహాల్ ఉండేది. అలాంటివి పిల్లల చేతికి ఇవ్వకూడదు. "లిమిటెడ్" అన్నారని బయటివాళ్ళ దగ్గర రెట్టింపు ధరకు కొనకు. ఆ డబ్బు దాచుకుని ఎప్పుడైనా రైలెక్కి షిజుఒక వెళ్ళి రా.

మే నెలలో హైదరాబాద్ వస్తున్నావు కదా, మాకు తెచ్చేవి చేతి సంచిలోనే పెట్టుకో. కరిగి మళ్ళీ గడ్డకట్టిన చాక్లెట్ మీద తెల్లటి పొర వస్తుంది. పాడైనట్టు కాదు, తినొచ్చు, కానీ ఆ నునుపు పోతుంది. మీ పెదనాన్నకి మాత్రం మాచ్చాదే తీసుకురా, వసాబిది నాకు.

ఉంటాను,
పెద్దమ్మ