శోకంలో ఉన్నవారికి తోడు నిలవాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మనస్తత్వశాస్త్రంలో డిగ్రీ పూర్తి చేస్తున్నాను. ఆప్తులను కోల్పోయినవారికి కౌన్సెలింగ్ ఇచ్చే వృత్తిలో స్థిరపడాలని ఉంది. శోకానికి చెప్పే ఐదు దశలు (నిరాకరణ, కోపం, బేరమాడడం, కుంగుబాటు, అంగీకారం) తెలిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదండి. 1969లో మనోవైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ వివరించిన ఆ దశలు మరణానికి చేరువైన రోగులతో జరిపిన సంభాషణల నుంచి వచ్చినవి. ఆప్తులను పోగొట్టుకున్నవారంతా అదే వరుసలో నడుస్తారనుకోకూడదు. అంతకన్నా, 1999లో పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ ప్రతిపాదించిన ద్వంద్వ ప్రక్రియా నమూనాను శ్రద్ధగా చదవండి. భర్తను కోల్పోయిన మహిళ ఉదయం బ్యాంకు కాగితాలన్నీ నిబ్బరంగా చక్కబెట్టుకుని, సాయంత్రం ఆయన చొక్కా మడతపెడుతూ కుప్పకూలిపోతే అది వెనకడుగు కాదని, పోయినవారి తలపుకూ మిగిలిన జీవితానికీ మధ్య అలా ఊగిసలాడడం సహజమేనని ఈ నమూనా చెబుతుంది.

సహజమైన శోకాన్ని జబ్బుగా చూడకూడదు. చికిత్స అవసరమైనవారిని ఓదార్పు మాటలతో సరిపెట్టనూ కూడదు. ఈ తేడా పట్టుకోవడమే చదువులో అన్నిటికన్నా కష్టమైన భాగమని నా అభిప్రాయం. ఎంతకాలమైనా తగ్గకుండా జీవితాన్ని దెబ్బతీసే తీవ్ర శోకాన్ని దీర్ఘకాలిక శోక రుగ్మత అంటారు. దీన్ని నిర్ధారించడానికి ఆప్తుల మరణం తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసం 6 నెలలు, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2022 నాటి ప్రమాణాలు పెద్దవారిలో కనీసం 12 నెలలు గడవాలంటాయి. గడువుతోపాటు బాధ తీవ్రతను, రోజువారీ జీవితం దెబ్బతిన్న తీరును, వారి సమాజంలో సంతాపాన్ని పాటించే పద్ధతిని కూడా చూడాలి.

పుస్తకజ్ఞానంతోపాటు, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో సాధన తప్పనిసరి. పాలియేటివ్ కేర్ (తీవ్ర వ్యాధులున్నవారి బాధను తగ్గించే సేవ) విభాగంలో వాలంటీరుగా చేరగలిగితే మరీ మంచిది. ‘ధైర్యంగా ఉండండి’ అనడం మాని, పోయినవారి పేరు పలికి, వారి గురించి చెప్పమని అడిగి, మౌనంగా వినడం అక్కడే అలవడుతుంది. ఆత్మహత్య ఆలోచనల గురించి సూటిగా అడగడం కూడా నేర్చుకోండి.