పోయిన గుర్రాలను ముందు వెతకండి

ప్రశ్న: బాబాయ్ గారూ, నాది 2010 రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ ట్విన్‌స్పార్క్, 350. మా నాన్నగారు కొన్న బండి, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. వెనక మా ఆవిడ కూర్చుంటే లంబసింగి ఘాట్‌లో మూడో గేరులో కూడా ఈడ్చుకుంటూ ఎక్కుతోంది. ఒక మెకానిక్ 500 సీసీ బోర్ కిట్, అంటే పెద్ద సిలిండర్, పెద్ద పిస్టన్, వేస్తానంటున్నాడు. సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్‌తో కలిపి 65 వేలు అడిగాడు. పోయిన నెలే సర్వీసు చేయించాను, బిల్లు ఫొటో పంపుతున్నాను. కిట్ వేయించమంటారా?
– ఓ పాఠకుడు, నర్సీపట్నం

జవాబు: బిల్లు చూశాను అబ్బాయ్. మూడో లైనులో ‘టాపెట్ సెట్టింగ్, 250’ అని ఉంది. టాపెట్లంటే ఇంజన్ వాల్వులను తెరిచే ముక్కలు, నీ బండిలో ఉన్నవి హైడ్రాలిక్‌వి. ఆయిల్ ఒత్తిడికి వాటంతట అవే సర్దుకుంటాయి, తిప్పడానికి అక్కడ స్క్రూనే ఉండదు. లేని స్క్రూ తిప్పినందుకు 250 ఇచ్చావన్నమాట. దాని కింద ‘స్పార్క్ ప్లగ్, 1’ అని రాశారు. ట్విన్‌స్పార్క్ అంటేనే ప్లగ్గులు రెండు. హెడ్‌కి, అంటే సిలిండర్ పైమూతకి, అటొకటి, ఇటొకటి. చేతికి తేలిగ్గా అందినదాన్ని మార్చి రెండోదాన్ని వదిలేయడం చాలా చోట్ల చూశాను. ఒకటి చచ్చినా ఇంజన్ ఆగదు, అదే దీంతో వచ్చిన చిక్కు. లాగడం తగ్గుతుంది, మనమేమో బండి ముసలిదైపోయింది అనుకుంటాం.

ఈ ఇంజన్ కొత్తలో 5250 ఆర్‌పీఎమ్ దగ్గర 19.8 హార్స్ పవర్ ఇచ్చేది. నువ్వెక్కే కొండ దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. అక్కడ గాలి పల్చన కాబట్టి కార్బరేటర్ బండికి పవర్‌లో పదో వంతు పైకి చేరేసరికే పోతుంది. దానికి తోడు ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో పెట్రోలుకన్నా మూడో వంతు తక్కువ వేడి ఉంటుంది. పైగా ఇంజన్‌కి అది ఇంకాస్త ఎక్కువ పోయాలి, నీ కార్బరేటర్ జెట్‌కి (పెట్రోలు వచ్చే సన్న రంధ్రానికి) ఆ సంగతి తెలియదు. అంటే బండి ఏ లోపమూ లేకుండా ఉన్నా కొండ మీద నీకు దొరికేది పదహారో పదిహేడో గుర్రాలు. పదిహేనేళ్లు దాటిన బండిలో అవైనా ఉన్నాయా అన్నది ముందు తేల్చుకో.

ఇది ఒక పూట పని. రెండు ప్లగ్గులూ విప్పించు. ఒకటి గోధుమ రంగులో, రెండోది నల్లగా తడిగా ఉంటే దొంగ దొరికినట్టే. తర్వాత కార్బరేటర్ మూత విప్పి రబ్బరు డయాఫ్రమ్‌ని వెలుతురుకి ఎత్తి చూడమను. దానికి సూదిమొనంత చిల్లి పడినా గాలి దారి తెరిచే స్లయిడ్ పూర్తిగా పైకి లేవదు, సగం యాక్సిలరేటర్ దాటాక బండి పలకదు. ఇక క్లచ్. టాప్ గేరులో ఒక్కసారిగా యాక్సిలరేటర్ ఇస్తే మోత పెరిగి వేగం పెరగకపోతే ప్లేట్లు అరిగాయి.

ఆ తర్వాత అసలు పరీక్ష. పిస్టన్‌ని పైకి తెచ్చి, రెండు వాల్వులూ మూసి ఉన్నప్పుడు, బండిని టాప్ గేరులో ఉంచి, వెనక బ్రేకు గట్టిగా తొక్కి, ప్లగ్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పంపాలి. పంపి చెవి పెట్టి వినాలి. సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్ కూర్చోవడం లేదు. కార్బరేటర్ వైపు వినబడితే ఇన్‌లెట్ వాల్వ్. ఆయిల్ పోసే మూత దగ్గర వినబడితే పిస్టన్ రింగులు, బోరు (సిలిండర్ లోపలి గోడ) అరిగినట్టు. కొంచెం లీకు ఏ ఇంజన్‌లోనైనా ఉంటుంది, దానికి కంగారు పడకు. ఈ పరీక్ష చేయకుండా ‘బోరు పోయింది’ అనేవాడి చేతికి బండి ఇవ్వకు.

వాల్వులైతే లాపింగ్ చేయించి, అంటే సరిగ్గా కూర్చునేలా రుద్దించి, కొత్త సీళ్లు వేయించు. బోరు పోయిందనే తేలితే ఓవర్‌సైజ్ పిస్టన్ వేయిస్తావు, మంచిదే. కానీ దానివల్ల పవర్ పెరుగుతుందనుకోకు. నీ బోరు వెడల్పు 70 మిల్లీమీటర్లు, స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, 90. అర మిల్లీమీటరు బోరు చేస్తే పెరిగేది ఐదు సీసీలు, మందు సీసా మూతంత. పోయిన కంప్రెషన్ తిరిగొస్తుంది, అదీ లాభం.

ఇక 500 కిట్. 500 థండర్‌బర్డ్‌లోనూ స్ట్రోక్ 90 మిల్లీమీటర్లే, బోరు మాత్రం 84. పవర్ 27.2. కాగితం మీద చూస్తే నాకూ నోరూరుతుంది. కానీ అంత లావు బోరు కూర్చోవాలంటే క్రాంక్‌కేస్ (ఇంజన్ కింది పెట్టె) నోరు కోయాలి, అది కోశాక మళ్లీ 350 కాదు. పిస్టన్ తిప్పే ఇరుసు, నీ క్రాంక్‌ని, 350 పిస్టన్ బరువుకి తూచి చేశారు. బరువు పిస్టన్ తగిలిస్తే హ్యాండిల్ మీద చెయ్యి తిమ్మిరెక్కే వైబ్రేషన్ వస్తుంది. వెనకేమో డ్రమ్ బ్రేకు. ఎక్కడం సరే, లంబసింగి నుంచి దిగాలి కదా, అదీ మా కోడల్ని వెనక కూర్చోబెట్టుకుని.

పైగా ఆర్‌సీలో 346 సీసీ అని ఉంది. కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా మార్చిన బండిని రిజిస్టర్ చేయకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. నీ బండి పదిహేనేళ్లు దాటింది కాబట్టి ఇక ఐదేళ్లకోసారి ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాలి. మధ్యలో ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లకి ‘ఇవ్వం’ అనడానికి నువ్వే సాకు చూపించినట్టవుతుంది.

నేనూ చేశాను ఈ పని. 1994లో నా పాత ఇనుప బోరు బుల్లెట్ హెడ్‌ని లేత్ మీద ఒకటిన్నర మిల్లీమీటరు కోయించాను, కంప్రెషన్ పెంచుదామని. రెండు వారాలు రాజులా తిరిగాను. మూడో వారం మారేడుమిల్లి ఘాట్‌లో ఇంజన్‌లోంచి డబ్బాలో గోళీలు పోసి ఊపినట్టు చప్పుడు. కుర్రతనం, ఆపలేదు. పిస్టన్ నడినెత్తిన వేలు దూరేంత చిల్లి పడింది. వెదుళ్ల లారీ మీద బండినీ నన్నూ రాజమండ్రి చేర్చారు. దారంతా క్లీనర్ నవ్వుతూనే ఉన్నాడు.

ముందు రెండో ప్లగ్ మార్పించి ఒక్కసారి ఘాట్ ఎక్కి చూసి రాయి.

ప్రశ్న: కాకా, నాది అవెంజర్ 220. ముందు స్ప్రాకెట్‌కి (చెయిన్ తిప్పే పళ్ల చక్రానికి) ఒక పన్ను తగ్గిస్తే పవర్ పెరుగుతుందంటున్నరు, నిజమేనా?
– ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: పవర్ పెరగదమ్మా, పికప్ పెరుగుతుంది. ఇంజన్ అదే, చక్రానికి అందే లాగుడు మారుతుంది. ఊళ్లో, డబుల్స్‌లో హాయిగా ఉంటుంది. రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ వెళ్లేటప్పుడు మాత్రం అదే వేగానికి ఇంజన్ ఎక్కువ అరుస్తుంది, మైలేజీ కాస్త తగ్గుతుంది. మళ్లీ పాతది వేసుకోవచ్చు కాబట్టి ప్రయోగం చేయదగ్గదే. తీసిన స్ప్రాకెట్ పారేయకు.

ప్రశ్న: ఫ్రీ ఫ్లో సైలెన్సర్ వేశాక నా బండి స్పీడ్ పెరిగినట్టుంది. కానీ పైపు నీలం రంగుకి తిరిగింది. ఎందుకు?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పెరిగింది చప్పుడు నాయనా. పొగ తేలిగ్గా పోతోంది, దానికి తగ్గ పెట్రోలు రావడం లేదు. మిశ్రమం పల్చనై ఇంజన్ వేడెక్కుతోంది, ఆ నీలం అదే. మెయిన్ జెట్ పెద్దది వేస్తే తగ్గుతుంది. కానీ మీ ఊళ్లో పోలీసులు ఇలాంటి సైలెన్సర్లు పీకి రోడ్డు రోలర్ కింద పరుస్తున్నారు. కంపెనీది అటక మీద ఉంటే దించు.